ఓవెన్ తలుపు సందు

ఏప్రిల్ 6, మంగళవారం. పొద్దున ఏడు

అందరూ ఎలా ఉన్నారు? అడిగేవాళ్ళు లేరు కాబట్టి నేనే అడిగి నేనే రాసుకుంటాను.

నేను: బీపీ పైన నూట డెబ్బై, కింద తొంభై ఎనిమిది. నర్సు జ్లాతా ఈ నోటుబుక్కూ మిషనూ ఇచ్చి రోజూ అంకెలు రాయమంది. నాలుగో తరగతి చదువుకి అంకెలు చాలు అంది. అంకె రాసి, అది ఎందుకు పెరిగిందో రాయకుండా ఎలా ఊరుకుంటాం?

దెసాంకా: మోకాళ్ళు రెండూ వాచాయి. నోరు మాత్రం వాయలేదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. నాకు డెబ్బై మూడు, ఆమెకి డెబ్బై తొమ్మిది.

కోళ్ళు: ఆరు. తెల్లది మళ్ళీ గుడ్లు పెడుతోంది.

కుక్క గారొవ్: తింటోంది. కానీ వారం నుంచి ట్రైలర్ కింద పడుకోవడం మానేసి కట్టెల పాకలోకి పోతోంది. జబ్బేమో అని భయం.

ఇళ్ళు: నాదానికీ ఆమెదానికీ ఎర్ర స్టిక్కరే. డిసెంబరు భూకంపానికి మా పొగగొట్టం దిగి వంటింట్లో కూర్చుంది. లోపలికి పోకూడదు.

ట్రైలర్: ఎవరో సముద్రం ఒడ్డున సెలవులకి వాడుకున్న బండి. సొరుగులో ఇంకా ఇసుక ఉంది. ఇద్దరు ముసలమ్మలు కదా, ఒకటి చాలన్నారు. మా రెండు కుటుంబాలూ వేరుపడి ముప్పై ఎనిమిదేళ్ళు. మొగుళ్ళిద్దరూ పోయాక దేవుడు మమ్మల్ని మళ్ళీ ఉమ్మడి చేశాడు, ఏడడుగుల వెడల్పులో.

ఓవెన్: తలుపు సరిగ్గా పడటం లేదు.

ఏప్రిల్ 9, శుక్రవారం

బీపీ నూట అరవై ఐదు. కింది అంకె చూడలేదు, కోపంలో మిషను తీసేశాను.

మొక్కజొన్న రొట్టె కింద మాడింది, మధ్యలో పచ్చి. తలుపుకి పైన ఎడమ మూలలో సందు ఉంది, వేడంతా అందులోంచి పోతోంది. పైనున్న, గ్యాస్ తిప్పే ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి వేడికి మెత్తబడి వంకరపోయింది. అంటుకుంటే ఏం గతి? ఇద్దరం మంచాల మీంచి లేచేలోపు అయిపోతాం.

నువ్వే పాడుచేశావు అంది దెసాంకా. మోకాళ్ళ మీద లేచేటప్పుడు ఆ తలుపు పట్టుకునే లేస్తావు, నీ బరువుకి ఇనుప గేటు కూడా వంగుతుంది అంది. నేనూ ఊరుకోలేదు. జనవరి అంతా ఓవెన్ తలుపు తెరిచి దాని మీద కాళ్ళు పెట్టుకుని కాచుకున్నది ఎవరక్కా అన్నాను. నా కాళ్ళు ఈకల్లాంటివి అంది. ఈకలైతే డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళడానికి ఇద్దరెందుకు అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు.

కానీ ఈ తలుపు బాగవ్వాలి. మే ఆరు మా ఇంటి పండుగ, స్లావా. పరిశుద్ధ జార్జి మా మెట్టినింటి వేలుపు. కొవ్వొత్తి పక్కన పండుగ రొట్టె పెట్టాలి, నడిమిన పిండితో శిలువ అల్లి. ఆ రొట్టె మధ్యలో పచ్చిగా ఉంటే ఆ ఏడాది ఆ ఇంట్లో ఒకళ్ళు తగ్గుతారంటారు. ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరం.

ఏప్రిల్ 12, సోమవారం

యోసో వచ్చాడు. మా వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసేవాడు. వాళ్ళు రోమ్ చర్చి వాళ్ళు, వాళ్ళ ఈస్టర్ అప్పుడే అయిపోయింది, మాకింకా ఉపవాసాలు. రాగానే రేగిపండు సారా ఉందా అని అడిగాడు. పనయ్యాకే అన్నాను. పనికి ముందైతే చెయ్యి వణకదు పిన్నీ అన్నాడు. పోశాను.

తలుపు ఊడదీశాడు. కీలులో స్ప్రింగు సాగిందన్నాడు. తన డబ్బాలోంచి పాత స్ప్రింగు ఒకటి కత్తిరించి పెట్టాడు. తలుపు చుట్టూ ఉన్న పట్టీ గట్టిపడిందని పీకేసి, కట్టెల పొయ్యి తలుపుకి వాడే, కాలని తెల్ల తాడు చుట్టూ కూరాడు. తర్వాత న్యూస్‌పేపరు చించి ఒక ముక్క తలుపు మధ్య పెట్టి మూసి లాగాడు. రాలేదు. నాలుగు పక్కలా అలాగే చూశాడు. ఎక్కడా రాలేదు. కాగితం వచ్చిందంటే వేడి కూడా వస్తుంది, అది గుర్తు అన్నాడు.

తప్పు ఎవరిదిరా అని దెసాంకా అడిగింది. స్ప్రింగుది అన్నాడు. ఇద్దరికీ నచ్చలేదు.

ఏప్రిల్ 13, మంగళవారం

బీపీ నూట నలభై. కాగితం రాలేదు.

ఏప్రిల్ 16, శుక్రవారం

కాగితం వచ్చింది. పైన ఎడమ మూలలో, అదే చోట.

అగ్గిపుల్ల పెట్టి చూశాను. ఒక పుల్ల పడుతోంది.

ఏప్రిల్ 17, శనివారం

పెనంలో నూనె పోస్తే అంతా ఒక పక్కకి పోయింది. పెనం వంకరేమో అని తిప్పిపెట్టాను. మళ్ళీ అదే పక్కకి, వీధి వైపు. అప్పుడు గుర్తొచ్చింది, అల్మరా తలుపు కూడా రెండు రోజులుగా తనంతట తనే తెరుచుకుంటోంది.

యోసోని పిలిచాను. రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాడు. బుడగ మధ్యలో నిలవలేదు. పిన్నీ, ఓవెన్‌కి ఏ రోగమూ లేదు, బండి మెలిపడింది అన్నాడు. ట్రైలర్‌కి నాలుగు మూలలా దించే ఇనుప కాళ్ళున్నాయి. వీధి వైపు కాలు మట్టిలోకి దిగిందట. పెట్టె మెలిపడితే తలుపు మూల కలవదు, నీ వంటింటి తలుపు భూకంపం రోజున బిగుసుకుపోలేదా, ఇదీ అంతే అన్నాడు. కాలు ఎత్తి కింద ఓక్ పలక పెట్టాడు. తలుపు టక్కుమని పడింది. కాగితం రాలేదు.

అంటే దెసాంకా కాళ్ళూ కాదు, నా మోకాళ్ళూ కాదు. ఎనిమిది రోజులు మాట్లాడుకోలేదు ఊరికే. క్షమించు అనలేదు ఆమె. నేనూ అనలేదు. సాయంత్రం బీన్స్ సూప్ వండి, నా గిన్నె కూడా నింపి పెట్టింది. నాకు అది చాలు.

ఏప్రిల్ 20, మంగళవారం

రెండు పుల్లలు.

వంగి చూశాను. ఓక్ పలక సగం మందం మట్టిలో ఉంది. వాన పడి పది రోజులైంది. నేల గట్టిగానే ఉంది, మడమతో తొక్కి చూశాను. గట్టి నేలలోకి పలక ఎలా దిగుతుంది?

బీపీ రాయను.

ఏప్రిల్ 22, గురువారం

ఇళ్ళు చూసే కమిషన్ ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, తెల్ల బూట్లు, చేతిలో టాబ్లెట్. మా ఇళ్ళకి మళ్ళీ ఫోటోలు తీశాడు. నాయనా, ఒక్కసారి ఈ ట్రైలర్‌లోకి వచ్చి ఓవెన్ తలుపు చూడు అన్నాను. నవ్వాడు. బామ్మగారూ, నేను బిల్డింగులు చూస్తానండీ, కేకులు కాల్చను అన్నాడు. నేను పలక చూపించాను. అగ్గిపుల్లల సంగతి చెప్పాను. ఈ పక్క అంతా చూశాం, ఏ భయమూ లేదు, వసంతంలో నేల మెత్తబడుతుంది అన్నాడు. ట్రైలర్ సామాను పాడైతే వేరే ఫారం ఉంది, అది పెట్టుకోండి అన్నాడు.

మధ్యాహ్నం జ్లాతా వచ్చింది. ఫారం తనే నింపింది. అందులో గళ్ళు ఉన్నాయి: హీటర్, ఫ్రిజ్, నీళ్ళ పంపు, ఓవెన్, కిటికీ. నేల కుంగుతోంది అని రాయమ్మా అన్నాను. నేలకి గడి లేదు స్తోయా అత్తా అంది. పాపం వెతికింది, రెండో పేజీలో కూడా. చివరికి ఓవెన్ దగ్గర టిక్కు పెట్టి, పక్కన ఉన్న చిన్న గీత మీద ‘తలుపు సరిగ్గా పడదు’ అని రాసింది. గీత అంతవరకే ఉంది.

ఏప్రిల్ 25, ఆదివారం

అవతలి ఊళ్ళో బంగాళదుంపల చేలో గుంట పడింది. యోసో వెళ్ళి చూసొచ్చాడు. గుండ్రంగా, ఎవరో గిన్నెతో కోసినట్టు ఉందట. అడుగున నీళ్ళు. చేనువాళ్ళు సాయంత్రం దాకా అక్కడే దుంపలు నాటి, ఇంటికెళ్ళి, పొద్దున వచ్చేసరికి చేను లేదు. భూకంపం కింద మట్టిని కదిలించింది, లోపల నీళ్ళు కొంచెం కొంచెంగా లాక్కుపోతున్నాయి అని ఎవరో ప్రొఫెసర్ చెప్పాడట.

యోసో చెప్తుంటే నేను దెసాంకా మొహం చూస్తున్నాను. ఆమె బీన్స్ ఏరుకుంటోంది. అది అవతలి ఊరు అంది.

ఏప్రిల్ 27, మంగళవారం

మూడు పుల్లలు. యోసో ఇంకో పలక పెట్టాడు, దాన్నీ తింటోంది నేల.

అక్కా, ఇక్కడినుంచి లేచిపోదాం అన్నాను. కట్టెల పాక ఉంది, లేదా నువ్వు గ్లీనాలో మీ అన్న కూతురు నెవెంకా దగ్గరికి పో అన్నాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. జనవరిలో మళ్ళీ భూకంపమని మంచులో నన్ను మూడుసార్లు బయటికి గెంటావు, చూస్తే ఒకసారి లారీ, ఒకసారి మంచు తోసే బండి, ఒకసారి నీ గుండె దడ. నీ పెళ్ళి రోజు చర్చి గంట ఊడిపడుతుందని పక్కకి నిలబడ్డావు, ఫోటోలో నా మరిది పక్కన ఖాళీయే ఉంది. ఒసేయ్ స్తోయా, నీకు భయం జబ్బు కాదే, అది నీ ఉద్యోగం అంది.

తప్పేముంది. అన్నీ నిజాలే. యాభై ఏళ్ళు అన్నిటికీ భయపడ్డాను, ఏదీ జరగలేదు. జరిగిన భూకంపానికి ముందురోజు మాత్రం హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు నా మాట ఎవరికి ఎక్కుతుంది?

ఏప్రిల్ 30, గుడ్ ఫ్రైడే

మూడు పుల్లలు, ఒక గోరు.

మే 2, ఈస్టర్

ఎర్ర రంగేసిన పండుగ గుడ్లు ఒకదానికొకటి కొట్టి పందెం వేసుకున్నాం. నాదే పగిలింది.

ఫారం నంబరుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది, పండుగ రోజున కూడా, పాపం. నేల గురించి చెప్పాను. మీ ట్రైలర్ నంబరు మీద ఓవెన్ ఫిర్యాదు ఒకటి ఇప్పటికే నడుస్తోందండీ, అది మూసేదాకా ఇంకోటి తెరవడానికి లేదు అంది. మరి నేను ఎక్కడ చెప్పాలమ్మా అన్నాను. ఓవెన్ చూడ్డానికి వచ్చినాయనకి చెప్పండి అంది. హ్యాపీ ఈస్టర్ కూడా చెప్పింది.

తర్వాత రొట్టె మాట వచ్చింది. వేరుపడ్డాక రెండిళ్ళు, రెండు రొట్టెలు, రెండు కొవ్వొత్తులు. ఇప్పుడు ఒకే కప్పు, ఓవెన్‌లో పట్టేది ఒకటే రొట్టె. ఒకే కప్పు కింద పెద్ద కోడలి చేతి రొట్టే ఉండాలి, అది పద్ధతి అంది దెసాంకా. ఇంకోసారైతే నేనూ వాదించేదాన్ని. సరే అక్కా, నువ్వే చెయ్యి, కానీ కట్టెల పాకలో ఇటుకలు పేర్చి చేద్దాం అన్నాను. పరిశుద్ధ జార్జికి పంది పక్కన రొట్టె కాలుస్తావా అంది. పంది చచ్చి మూడేళ్ళయింది అన్నాను. వాసన చావలేదు అంది.

ఆమెకీ పిల్లల్లేరు, నాకూ లేరు. మా తర్వాత ఈ కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు లేరు. ఆ పట్టుదల నాకు తెలుసు. నాకూ ఉంది.

మే 4, మంగళవారం

ఈ పెన్సిలే పడుతోంది సందులో.

నా దుప్పట్లు, ఇంటి వేలుపు పటం, ఈ పుస్తకం పాకలోకి మార్చేశాను. గారొవ్ జరిగి చోటిచ్చింది. యోసో ట్రాక్టర్ తెచ్చి ట్రైలర్‌ని లాగుతానన్నాడు, కానీ చక్రం ఒకటి మట్టిలో ఇరుసు దాకా దిగింది, లాగితే విరుగుతుందన్నాడు. పండుగ అయ్యాక నలుగురిని పిలుద్దాం అన్నాడు. వాడికి కూడా ఇప్పుడు నవ్వు రావడం లేదు. వాడే వెళ్ళి దెసాంకాకి చెప్పాడు. నీకు సారా పోసేది స్తోయా కదా, ఆమె పాటే పాడతావు అందట.

కాళ్ళ మీద కూడా పడ్డాను. ఇది నా మంచం, దీని మీంచి లేస్తే శవపేటికలోకే అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

దెబ్బలాడితే తప్ప ఈమె ఎప్పుడూ ఏ ఇంట్లోంచీ కదల్లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కింద వేరుపడిందీ అందుకే. ఒక జల్లెడ గురించి.

మే 5, బుధవారం. సాయంత్రం నాలుగు

రాసేస్తాను.

పొద్దున పిండి కలిపింది. మంచి పిండి. గుడ్లు నా కోళ్ళవే. పైన శిలువ, నాలుగు మూలలా ద్రాక్ష గుత్తులు అల్లింది, ఆ వాచిన వేళ్ళతోనే. తలుపు సందులో తడి గుడ్డలు కూరి, చేతిపిడికి తువ్వాలు కట్టి బిగించింది. రొట్టె పొంగింది. వాసన పెరట్లోకి వచ్చింది. ఇరవై నిమిషాలైంది, పైన అప్పుడే రంగు తిరుగుతోంది. ఆమె ట్రైలర్ మెట్ల మీద కూర్చుని, రొట్టె మీద పెట్టే తులసి కొమ్మ కడుగుతోంది.

నేను లోపలికి వెళ్ళాను. తువ్వాలు విప్పాను. గుడ్డలు పీకాను. నెల రోజులుగా సరిగ్గా పడేలా చెయ్యాలని తంటాలు పడ్డ తలుపుని నా చేతులతో బార్లా తెరిచాను. తెరిచి అలాగే పట్టుకుని నిలబడ్డాను. పక్కన కిటికీ కూడా తెరిచాను. రొట్టె నా కళ్ళముందే దిగింది. ముందు ద్రాక్ష గుత్తులు, తర్వాత శిలువ. నడిమిన గుంట పడిపోయింది.

దొంగచాటుగా చెయ్యలేదు. ఆమె చూసేదాకా నిలబడ్డాను. చూడాలి కదా.

ఏం చేస్తున్నావే అంది. అప్పుడు అన్నాను. రాత్రంతా వెతికి పెట్టుకున్న మాట. నీ చేతి రొట్టె ఈ కప్పు కింద కాలనివ్వను, నీ చేతి కూడు తిని మా బావగారు ఎన్నాళ్ళు బతికాడో ఊరంతా చూసింది అన్నాను.

బావగారు పోయింది కడుపులో పుండుతో. ఆరు నెలలు ఆమె చెంచాతో పట్టింది. నాకు తెలుసు, పక్కన గిన్నె పట్టుకున్నది నేనే.

ఆమె ఏడవలేదు. తులసి కొమ్మ నా కాళ్ళ దగ్గర పడేసింది. నీ భయం యాభై ఏళ్ళు భరించానే, నీ కుళ్ళు ఇవాళ చూశాను అంది. నేను చచ్చినా నువ్వు రాకు, నా శవం మీద మట్టి వెయ్యకు అంది. యోసో కారు తెచ్చాడు. కొవ్వొత్తి, పిండి సంచి, మంచం మీది దుప్పటి అన్నీ పట్టుకుని గ్లీనా వెళ్ళిపోయింది. కారు ఎక్కేటప్పుడు మోకాలు సహకరించలేదు. నేను చెయ్యి ఇవ్వబోతే ఉమ్మింది.

యోసో నన్ను చూడలేదు.

మే 6, గురువారం. పరిశుద్ధ జార్జి

తెల్లవారుతుండగా వాగు దగ్గరికి వెళ్ళాను, విల్లో కొమ్మలకి. ఏటా వెళ్ళేదే. మొహం కడుక్కుని, రెండు కొమ్మలు తెంపాను, ఎప్పట్లాగే రెండు.

తిరిగొచ్చేసరికి ట్రైలర్ ముక్కు నేలలో ఉంది. వెనక చక్రం గాలిలో. చప్పుడు కూడా వినపడలేదు నాకు. గుంట గుండ్రంగా ఉంది, యోసో చెప్పినట్టే. దెసాంకా మంచం ఉన్న వైపు పూర్తిగా కిందికి పోయింది, నీళ్ళలో. పగిలిన కిటికీలోంచి ఓవెన్ కనిపించింది. తలుపు మూసే ఉంది. గట్టిగా పడింది. కాగితం కూడా దూరదు.

బీపీ రాయలేను. మిషను కూడా అందులోనే ఉంది.

మే 9, ఆదివారం

యోసో ట్రాక్టర్ల షెడ్డులో ఉన్నాను. జ్లాతా కొత్త మిషను తెచ్చింది. నూట ఇరవై ఎనిమిది. జీవితంలో ఎప్పుడూ లేదు.

గ్లీనా వెళ్ళి దెసాంకాని చూసొచ్చిందట. బాగుందట. మోకాళ్ళ వాపు తగ్గిందట, నెవెంకా రొట్టె బాగా కాల్చిందట. చర్చి బయట అందరికీ చెబుతోందట: పండుగ రొట్టెని పాడుచేసింది కదా, దేవుడు రాత్రి గడవనివ్వలేదు, ఇల్లు మింగేశాడు అని. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారట.

రొట్టె ఎందుకు పాడుచేశానో జ్లాతాకి చెప్పాను. నిజం చెప్పనా అత్తా ఆమెకి అంది. వద్దన్నాను. చెబితే నమ్మదు. నమ్మితే, బావగారి గురించి నేనన్న మాటని ఏం చేసుకుంటుంది? అది అలాగే ఉంటుంది. కోపంగా ఉంటే కనీసం తింటుంది.

గిన్నె నిండా సూప్ ఉంది. ఒక్కదాన్నే.

మే 14, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. ఓవెన్ తలుపు గురించి నా ఫారం అందిందట. చూడ్డానికి మనిషి మే 27, గురువారం, ఎనిమిదికీ రెండుకీ మధ్య వస్తాడట. ఆ సమయంలో ట్రైలర్‌లోనే ఉండమన్నారు.